తొమ్మిదో మెట్టు

వ్యాన్ మీద ప్లంబర్ బొమ్మ. లోపల నేను,
ఒక ఫ్లాస్కు, ఒక కెమెరా.
గ్రిమ్స్‌బీ రేవు గాలికి అద్దాల మీద ఉప్పు పేరుకుంటుంది.
దిగి తుడవలేను కదా,
ఉప్పులోంచే చూస్తాను.

ఆరు రోజులు చూశాను క్లైవ్ మంబీని.
అయిదు రోజులు కుంటాడు.
ఎవరూ చూడనప్పుడూ కుంటాడు.
వానలో, కళ్లముందే బస్సు కదిలిపోతున్నా
పరిగెత్తలేదు.
నటించేవాడు బస్సు వదులుకోడు, అది నా అనుభవం.
(రోజుకి ఏడు గంటలని బిల్లు రాశాను.
కూర్చున్నది అయిదున్నర.)

ఆరో రోజు శనివారం,
పందెం పావురాలు ఫ్రాన్సు నుంచి ఇల్లు చేరే వేళ.
చేతికర్ర గోడకి ఆనించి
భుజాన గింజల మూటతో నిచ్చెన ఎక్కాడు.
పన్నెండు మెట్లు.
ఫోకస్ సరిచేసుకున్నాను.

అతను అడిగింది రెండు లక్షల ఎనభై ఆరు వేల పౌండ్లు.
చేపల కోల్డ్ స్టోరేజీలో బండి చక్రం పాదం మీదెక్కింది,
రెండు వేళ్లు నలిగాయి,
బొటనవేలి గోరు మళ్లీ మొలవలేదు.
ఇంతవరకూ కంపెనీ కూడా కాదనలేదు.
ఆ తర్వాత దెబ్బ కాగితం మీద పెరిగింది:
కర్ర వచ్చింది, కర్ర వెనక చక్రాల కుర్చీ,
స్నానం చేయించడానికి మనిషి, బతికినంత కాలం.
'ఒక్క మెట్టు కూడా ఎక్కలేను' అన్న వాక్యం కింద
ఇదంతా నిజమని సంతకం.

గోరంతలు కొండంతలు చేశాడని తేలిగ్గా అనేస్తాం.
గోరు నిజంగానే పోయింది.
కొండ ఒక్కటే అబద్ధం.

కోర్టులో నా వీడియో వేశారు.
అతని లాయరు బల్ల మీది గీతల్ని చూస్తూ కూర్చుంది.
తొమ్మిదో మెట్టు దగ్గర
'ఆపండి' అన్నారు జడ్జి ఒడ్లింగ్.
తెర మీద ఎడమ కాలు గాలిలో ఉంది,
పెదవి పళ్ల కింద ఉంది.
తీసిన నేనే చూడలేదు దాన్ని.
'అక్కడ నొప్పి పుట్టిందా, మిస్టర్ మంబీ?'
'పుట్టింది.'
'మరి ఎందుకు ఎక్కారు?'
చాలాసేపు ఆలోచించాడు.
'సముద్రం దాటి వచ్చిందండీ అది. నీళ్లు పెట్టాలి.'
ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు.

మూడు వారాల తర్వాత తీర్పు.
ముందు నిజాన్ని లెక్కగట్టారు,
ఇక్కడి చట్టం అలాగే చెయ్యమంటుంది.
వేళ్లకింత, గోరుకింత,
పని పోయిన పదకొండు వారాలకింత.
పద్నాలుగు వేల మూడు వందల పౌండ్లు
అతనికి న్యాయంగా రావలసినవి, అని చదివారు.
గ్లెనిస్ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.
జడ్జి గ్లాసెత్తి ఒక గుక్క నీళ్లు తాగారు.
ఆ గుక్కెడు సేపూ
ఆ డబ్బు వాళ్లింట్లో ఉంది.

తర్వాతి వాక్యం:
దావా మొత్తం కొట్టివేయడమైనది.
నొప్పిని నమ్ముతున్నాను అన్నారామె,
నమ్మినదాన్ని కూడా ఇవ్వలేనంతగా
మీరు నాతో అబద్ధమాడారు.
ఎదుటివాళ్ల ఖర్చులు మీరే కట్టాలి,
అందులోంచి ఈ పద్నాలుగు వేలూ మినహాయిస్తారు.
కోర్టు ధిక్కారం, జైలు, ఆ సంగతి ఇంకో రోజు, ఇంకో గదిలో.

కాబట్టి ఆ గోరుకి వెల కట్టారు,
చెల్లింది కూడా,
అతని అప్పులో.

బయట సన్నగా వాన.
కర్ర లోపలే మరిచిపోయాడు,
బంట్రోతు తెచ్చి ఇవ్వబోతే వద్దన్నాడు.
కెమెరా నా సంచిలోనే ఉంది.
వీధి చివర బస్సు ఇంజను మోత.
గ్లెనిస్ పరిగెత్తి తలుపు పట్టుకుని డ్రైవర్ని బతిమాలుతోంది.
అతను వస్తున్నాడు,
ఒక్కో అడుగూ వేసుకుంటూ,
ఎవరికీ ఏదీ రుజువు చెయ్యనక్కర్లేని కుంటితో.